డబ్బు పోయిన మొదటి గంట: ఇంటిల్లిపాదికీ ఒక పాఠం



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయి తండ్రి ఒకరు మార్కుల సంగతి అయిపోయాక కూడా కుర్చీలోంచి లేవలేదు. "సర్, ఇంకో విషయం. ఇది క్లాసులో పిల్లలకు చెప్పండి, కుదిరితే పెద్దవాళ్లకూ చెప్పండి" అంటూ ఫోన్ తీసి తన క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ చూపించారు. ఆయన సరేనన్నాకే, పేర్లు లేకుండా ఇక్కడ రాస్తున్నాను.

అబ్బాయి రోజూ సాయంత్రం నాన్న ఫోన్‌లో కాసేపు గేమ్ ఆడతాడు. ఆటలో వాడే 'డైమండ్స్' సగం ధరకే ఇస్తామంటూ ఒక వీడియో కింద లింకు కనిపించింది. నాన్న పర్సు టేబుల్ మీదే ఉంది. కార్డు తీసి పదహారు అంకెలూ, గడువు తేదీ, వెనకున్న సీవీవీ కొట్టాడు. ఓటీపీ వస్తే అదీ కొట్టాడు. 249 రూపాయలు పోయాయి, డైమండ్స్ రాలేదు. అరగంటకి ఇంకో మెసేజ్ వచ్చింది. ఎక్కడో విదేశీ వెబ్‌సైటులో 4,120 రూపాయలు. ఈసారి ఓటీపీ కూడా రాలేదు. పిల్లవాడు భయపడి ఆ మెసేజ్ డిలీట్ చేసి, ఫోన్ నాన్న పక్కన పెట్టేశాడు. మరుసటి రోజు 6,780, ఆ మరుసటి రోజు 9,350, ఆ తర్వాత 11,200. ఆ మూడు మెసేజ్‌లూ నాన్న ఫోన్‌కు వచ్చినా, ఆఫర్లూ రీచార్జి గుర్తులూ వచ్చే గుంపులో కలిసిపోయాయి. ఆయన చూసుకోలేదు. 19 రోజుల తర్వాత స్టేట్‌మెంట్ వచ్చినప్పుడుగానీ సంగతి బయటపడలేదు.

మొత్తం 31,699 రూపాయలు. బ్యాంకు వాళ్లు 'కార్డు వివరాలూ ఓటీపీ మీ ఇంట్లోవాళ్లే ఇచ్చారు, మాకు చెప్పిన తేదీకి ముందు జరిగినదానికి మా బాధ్యత లేదు' అన్నారు. ఆయన అదీ సర్దుకున్నారు. ఆయనను బాధపెట్టింది వేరే. "ఎందుకురా చెప్పలేదు అని అడిగితే, 'ఆ రోజే చెబుదామనుకున్నా నాన్నా, మీరు ఆఫీసు ఫోన్‌లో గట్టిగా అరుస్తున్నారు' అన్నాడు సర్."

లెక్క చూడండి. రెండో మెసేజ్ రాగానే పిల్లవాడు నోరు విప్పి ఉంటే కార్డు అప్పుడే బ్లాక్ అయ్యేది. నష్టం 4,369 రూపాయలతో ఆగేది. మిగిలిన 27,330 రూపాయలు కేవలం ఆలస్యానికి కట్టిన మూల్యం. మోసాల గురించి మనం పిల్లలకు చెప్పే జాగ్రత్తలన్నీ 'డబ్బు పోకుండా చూసుకో' దగ్గరే ఆగిపోతున్నాయి. పోయిన తర్వాత ఎవరికి చెప్పాలి, ఎంత త్వరగా చెప్పాలి, చెబితే తిట్లు పడతాయా అన్నది ఎవరూ చెప్పడం లేదు. ఈ నెల వ్యాసం ఎక్కువగా దాని గురించే.

ఓటీపీ రాకుండా డబ్బు ఎలా పోయింది?

ఆ తండ్రికి ముందు అర్థం కానిది ఇదే. మీలో చాలామందికీ ఇదే సందేహం రావచ్చు. మన దేశంలోని వెబ్‌సైట్లలో కార్డుతో కొంటే మామూలుగా ఓటీపీ లాంటి రెండో తాళం ఉండాలని ఆర్‌బీఐ నిబంధన. విదేశీ వెబ్‌సైట్లలో చాలాచోట్ల ఆ పట్టింపు లేదు. కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు, లావాదేవీ అయిపోతుంది. 249 రూపాయలు మోసగాడికి లెక్కలోది కాదు. వాడికి కావలసింది ఆ మూడు వివరాలే.

దీనికి అడ్డుకట్ట మన చేతిలోనే ఉంది. కొత్తగా ఇచ్చే కార్డు మన దేశంలోని ఏటీఎంలలో, స్వైప్ మెషీన్లలో మాత్రమే పనిచేసేలా ఇవ్వాలని, ఆన్‌లైన్ కొనుగోళ్లు, విదేశీ లావాదేవీలు, కార్డు తాకించి చెల్లించడం మనం అడిగితేనే తెరవాలని ఆర్‌బీఐ 2020 జనవరిలో బ్యాంకులను ఆదేశించింది. అదే సంవత్సరం అక్టోబర్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఒక్కోదాన్ని విడివిడిగా ఎప్పుడంటే అప్పుడు ఆపేసే, తెరిచే, పరిమితి పెట్టుకునే వీలు కూడా బ్యాంకు ఇవ్వాలి. మీ బ్యాంకు యాప్‌లో 'మేనేజ్ కార్డ్' లేదా 'కార్డ్ కంట్రోల్' లాంటి పేరుతో ఉంటుంది. ఆ తండ్రి రెండేళ్ల క్రితం సింగపూర్ వెళ్లినప్పుడు విదేశీ లావాదేవీలు తెరిచారు. తిరిగొచ్చాక మూయడం మర్చిపోయారు.

ఇది చదువుతున్నప్పుడే ఒకసారి యాప్ తెరిచి చూడండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో చదివే పెద్దబ్బాయి ఫీజులు మీ కార్డుతో కట్టాల్సిన అవసరం లేకపోతే విదేశీ మీట ఎప్పుడూ ఆపే ఉంచండి. ఉన్నా కట్టే పది నిమిషాలే తెరవండి. ఆన్‌లైన్ పరిమితి మీ నెల ఖర్చును బట్టి తగ్గించండి. కార్డు తాకించి చెల్లించేటప్పుడు 5,000 రూపాయల వరకు పిన్ అడగదు. 2021 జనవరి నుంచి ఈ పరిమితి ఉంది. అంటే పర్సు పోతే దొరికినవాడు పిన్ తెలియకుండానే వాడగలడు. కార్డు మెషీన్‌కు తాకించే అలవాటు లేనివాళ్లు దాన్ని పూర్తిగా ఆపేయడం మేలు.

ఇంకో మాట. 2022 అక్టోబర్ నుంచి షాపింగ్ వెబ్‌సైట్లు మన అసలు కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు ఒక టోకెన్ మాత్రమే ఉంచుకోవాలి. ఆ వైపు కొంత గట్టిపడింది. మనవైపు మాత్రం కార్డుకు రెండువైపులా ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు పోలేదు. 'కరెంటు బిల్లు కట్టు తమ్ముడూ' అని మూడేళ్ల క్రితం పంపిన ఫోటో ఇంకా పదిమంది గ్యాలరీల్లో ఉంటుంది. వెతికి డిలీట్ చేయించండి.

నష్టం ఎవరిది? పిల్లలతో కలిసి లెక్క చేయండి

ఈ విషయంలో 2017 జులై 6న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ఒకటి ఉంది. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీలో ఎవరి బాధ్యత ఎంతో అందులో ఉంది. అది మూడు సందర్భాలను వేరు చేస్తుంది.

తప్పు బ్యాంకుదైతే మన నష్టం సున్నా. తప్పు బ్యాంకుదీ కాదు మనదీ కాదు, మధ్యలో ఎక్కడో వివరాలు దొంగిలించారు అనుకుందాం. బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు చెబితే అప్పుడూ సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే ఒక పరిమితి మేరకు మనం భరించాలి. సాధారణ సేవింగ్స్ ఖాతాకూ, 5 లక్షల రూపాయల వరకు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకూ అది 10,000 రూపాయలు, అంతకు మించిన పరిమితి ఉన్న కార్డుకు 25,000. పోయిన మొత్తం అంతకంటే తక్కువైతే పోయినంతే. ఏడు పనిదినాలు దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానం ప్రకారం నిర్ణయిస్తారు. మూడోది, మన అజాగ్రత్త వల్ల పోవడం. ఓటీపీ, పిన్ ఇతరులకు చెప్పడం లాంటివి ఇందులోకి వస్తాయి. అప్పుడు బ్యాంకుకు చెప్పేవరకు పోయినదంతా మనదే. చెప్పిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకుదే.

ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. తప్పు మనదే అయినా, ఫోన్ చేసి చెప్పిన క్షణం నుంచి లెక్క మారుతుంది. 'నేనే ఓటీపీ చెప్పాను కదా, ఇక ఏం లాభం' అని ఊరుకునేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

ఏడో తరగతి దాటిన పిల్లలకు ఈ లెక్క ఇవ్వండి. కార్డు మన దగ్గరే ఉంది, ఎవరికీ ఏమీ చెప్పలేదు, పరిమితి 2 లక్షలు. గురువారం రాత్రి 18,000 రూపాయలు పోయినట్టు మెసేజ్ వచ్చింది. ఎల్లుండి రెండో శనివారం. మూడు పనిదినాలు ఎప్పటితో ముగుస్తాయి? సమాచారం అందిన రోజు లెక్కలోకి రాదు. శుక్రవారం ఒకటి. రెండో శనివారం, ఆదివారం బ్యాంకుకు సెలవు. సోమవారం రెండు, మంగళవారం మూడు. మంగళవారంలోపు చెబితే మొత్తం 18,000 తిరిగి రావాలి. బుధవారం చెబితే మనకు 10,000 నష్టం, 8,000 వస్తాయి. పోయింది 6,000 మాత్రమే అయి, బుధవారం చెబితే? ఈ ప్రశ్నకు జవాబు మా క్లాసులో సగంమంది తప్పు చెప్పారు. మొత్తం 6,000 మనదే.

మంగళవారం దాకా ఆగవచ్చని మాత్రం ఎవరూ అనుకోకండి. గడువు మన హక్కు కోసం పెట్టింది, దొంగ ఆ గడువు చూసుకుని ఆగడు. ఫిర్యాదు చేశాక ఆ మొత్తాన్ని పది పనిదినాల్లో తాత్కాలికంగా మన ఖాతాలో వేయాలి. 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే. అందుకే ఫోన్ చేసినప్పుడు ఫిర్యాదు నంబరూ, సమయమూ రాసుకోవడం, అదేరోజు ఈమెయిల్ కూడా పంపడం ముఖ్యం. 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సమాచారం కోసం నంబరు 14448.

మీ మొబైల్ నంబరు మారి బ్యాంకులో మార్చుకోకపోతే ఈ రక్షణలేవీ పెద్దగా పనికిరావు. మెసేజ్‌లు పాత నంబరుకు పోతుంటాయి. ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరి చేతిలోనో ఉండవచ్చు.

1930కి చేస్తే అవతల ఏం జరుగుతుంది?

ఈ నంబరు పోస్టర్ల మీద అందరూ చూసే ఉంటారు. అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఆలస్యం చేయరు. మన ఖాతా నుంచి పోయిన డబ్బు నేరుగా మోసగాడి జేబులోకి వెళ్లదు. ముందు ఎవరిదో అద్దె ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ముక్కలై ఇంకో నాలుగు ఖాతాలకు, వాటి నుంచి మరికొన్నింటికి వెళ్తుంది. చివరికి ఎక్కడో ఏటీఎంలో బయటికొస్తుంది. ఇదంతా కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లో అయిపోతుంది. 1930కి చెప్పిన ఫిర్యాదు ఒక ఉమ్మడి వ్యవస్థ ద్వారా ఆ బ్యాంకులకూ వాలెట్ కంపెనీలకూ చేరుతుంది. డబ్బు ఏ ఖాతాలో ఆగి ఉంటే అక్కడ దాన్ని కదలకుండా పట్టి ఉంచుతారు. అప్పటికే బయటికొచ్చేసిన డబ్బును పట్టి ఉంచడానికి ఏమీ ఉండదు. పోలీసులు మొదటి గంట అని అంతగా చెప్పేది అందుకే.

ఫోన్ చేసేటప్పుడు ఖాతా లేదా కార్డు ఏ బ్యాంకుదో, కార్డు చివరి నాలుగు అంకెలు, ఎంత పోయింది, ఏ సమయానికి, లావాదేవీ నంబరు ఎంత అన్నవి దగ్గర పెట్టుకోండి. యూపీఐ అయితే యాప్‌లో 12 అంకెల నంబరు కనిపిస్తుంది. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, ఒక్కటీ డిలీట్ చేయొద్దు. లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో నేరుగా నమోదు చేయవచ్చు. ఇలా ఆపిన సొమ్మును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. కొంత సమయం పడుతుంది, స్టేషన్ చుట్టూ ఒకటి రెండుసార్లు తిరగాల్సి వస్తుంది. అయినా పూర్తిగా వదులుకోవడం కంటే నయం.

డబ్బు పోయి కంగారులో ఉన్నవాళ్ల కోసం ఇంకో రకం మోసగాళ్లు కాచుకుని ఉంటారు. 'మీ డబ్బు మేం తెప్పిస్తాం, ముందు ఫైలు ఖర్చు కట్టండి' అంటారు. గూగుల్‌లో 'ఫలానా బ్యాంకు కస్టమర్ కేర్' అని వెతికితే వాళ్లు పెట్టిన నకిలీ నంబర్లు కూడా కనిపిస్తాయి. నంబరు ఎప్పుడూ కార్డు వెనక చూసే చేయండి.

ఫోన్ పోతే అది ఒక్క ఫోన్ కాదు

ఒకప్పుడు బస్సులో జేబు కత్తిరిస్తే ఆ జేబులో ఉన్నదే పోయేది. ఇప్పుడు ఆర్టీసీ బస్సులోనో, మెట్రో రద్దీలోనో, పిల్లల్ని దింపే హడావుడిలో బండి ముందు అరలో పెట్టిన ఫోనో పోయిందంటే, దానితో పాటు బ్యాంకు తాళాలన్నీ పోయినట్టే. దొంగ మీ ఫోన్ లాక్ తీయలేకపోవచ్చు. సిమ్ తీసి వాడి ఫోన్‌లో వేసుకుంటే మీ ఓటీపీలన్నీ వాడికే వస్తాయి.

దీనికి మందు సిమ్ పిన్. ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గర 'సిమ్ లాక్' అని ఉంటుంది. అది పెట్టాక సిమ్ వేరే ఫోన్‌లో వేస్తే నాలుగంకెల పిన్ అడుగుతుంది. మొదటిసారి కంపెనీ ముందే పెట్టిన అంకెలు అడుగుతుంది. అవి తెలియకపోతే ఊహించి కొట్టొద్దు, మూడుసార్లు తప్పైతే సిమ్ లాక్ అయి పీయూకే నంబరు అడుగుతుంది. మీ సిమ్ కంపెనీని అడిగి చేయండి. దీనితో పాటు, లాక్ తీయకుండానే స్క్రీన్ మీద మెసేజ్ మొత్తం కనిపించే సెట్టింగును కూడా ఆపేయండి. లేకపోతే సిమ్ తీయాల్సిన పని కూడా ఉండదు, ఓటీపీ తెర మీదే కనిపిస్తుంది.

ఫోన్ పోయిందని తెలిశాక వరుస ముఖ్యం. చాలామంది ముందు ఆ నంబరుకు రింగ్ చేస్తూ, దొరికినవాళ్లు ఎత్తుతారేమోనని గంటసేపు చూస్తారు. రెండుసార్లు చేసి చూడండి, తర్వాత వదిలేయండి. పక్కవాళ్ల ఫోన్ తీసుకుని ముందు సిమ్ బ్లాక్ చేయించండి. తర్వాత బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్‌బ్యాంకింగ్, కార్డులు ఆపించండి. ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు. దాని కాపీతో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ విభాగంలో ఫోన్ ఐఎంఈఐ నంబరు ఇస్తే, ఆ ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయకుండా ఆపేస్తారు. 2023 మే నుంచి ఇది దేశమంతటా ఉంది. రెండు రాష్ట్రాల పోలీసులూ ఈ విధంగా దొరికిన ఫోన్లను మేళాలు పెట్టి మరీ తిరిగి ఇస్తున్నారు. ఐఎంఈఐ నంబరు *#06# కొడితే కనిపిస్తుంది. కానీ ఫోన్ పోయాక కొట్టలేం కదా, ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి.

తాతయ్య పర్సు, అమ్మమ్మ గొలుసు

పెన్షన్ పడ్డ రోజు ఏటీఎం దగ్గర తాతయ్యలకు 'సాయం' చేసే కుర్రాళ్లు ఉంటారు. కార్డు మెషీన్‌లో పెట్టిస్తారు, పిన్ చూస్తారు, తిరిగిచ్చేటప్పుడు అదే బ్యాంకు రంగులో ఉన్న ఇంకో కార్డు చేతిలో పెడతారు. కార్డు మీద తన పేరు ఉందో లేదో చూసుకోవడం ఒక్కటి అలవాటు చేస్తే చాలు. పిన్ కార్డు కవరు మీద రాసుకునే పెద్దవాళ్లు నాకు తెలిసి చాలా ఇళ్లలో ఉన్నారు. మా ఇంట్లో కూడా ఉండేవారు. కోప్పడితే మానరు. ఆ పిన్‌ను వాళ్లకు గుర్తుండే ఏదైనా పాత సంవత్సరంగా మార్చి ఇస్తే మానతారు. పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు, అది ఆధార్ కార్డు మీదే ఉంటుంది.

బ్యాంకులో డబ్బు తీసుకుని బయటికొచ్చాక 'సార్, మీ డబ్బులు కింద పడ్డాయి' అని ఎవరైనా అంటే వంగొద్దు. నాలుగు పది రూపాయల నోట్లు కింద చల్లి, మీరు ఏరుకునే లోపు బండి మీది బ్యాగు తీసుకుపోవడం పాత పద్ధతే, ఇప్పటికీ నడుస్తోంది. బట్టల మీద ఏదో మరక పడిందని చెప్పడం, కారు టైరులో గాలి లేదనడం దాని చుట్టాలే. పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గు వేసే అమ్మమ్మలను అడ్రస్ అడిగే నెపంతో బండి మీద వచ్చి గొలుసు లాగేవాళ్ల గురించి మీరు పేపర్లో చదువుతూనే ఉంటారు. 2024 జులైలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇలా లాక్కుపోవడాన్ని 304వ సెక్షన్ కింద ప్రత్యేక నేరంగా పెట్టారు. ఫిర్యాదు ఏ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి. ఆ స్టేషన్ పరిధి కాకపోతే జీరో ఎఫ్ఐఆర్ రాసి వాళ్లే పంపుతారు. 'మా ఏరియా కాదు' అంటే ఈ మాట గుర్తుచేయండి.

పండక్కి ఊరెళ్తూ స్టేషన్ ఫోటోలు, 'పది రోజులు ఊళ్లోనే' అనే స్టేటస్‌లు వెంటనే పెట్టకుండా తిరిగొచ్చాక పెట్టమని పిల్లలకు చెప్పండి. ఇల్లు తాళం వేసి ఉందని లోకానికి మనమే చాటుకోవడం ఎందుకు?

పిల్లల వైపు నుంచి వచ్చే రెండు ప్రమాదాలు

ఒకటి, పిల్లల పేరుతో మనకు వచ్చే ఫోన్లు. 'మీ అబ్బాయి డ్రగ్స్ కేసులో దొరికాడు, మా దగ్గరే ఉన్నాడు, బయటికి చెబితే కెరీర్ పోతుంది, వెంటనే డబ్బు పంపండి' అంటూ పోలీసు డ్రెస్ ఫోటో ఉన్న నంబరు నుంచి కాల్ వస్తుంది. వెనక ఏడుపు గొంతు వినిపిస్తుంది. ఇప్పుడు కంప్యూటర్‌తో గొంతును కూడా అనుకరిస్తున్నారు. ఫోన్ పెట్టేసి క్యాంపస్ ఆఫీసుకు చేయండి, పిల్లవాడు క్లాసులో ఉన్నాడో లేడో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. 'డిజిటల్ అరెస్టు' అనేది మన చట్టంలోనే లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధానమంత్రి కూడా మన్ కీ బాత్‌లో ఈ మాట చెప్పారు. ఇంట్లో అందరికీ తెలిసిన ఒక రహస్య మాట పెట్టుకోండి. అమ్మమ్మ ఊరి పేరైనా, పెంపుడు కుక్క పేరైనా సరే. ఆపదలో ఉన్నానని ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ మాట అడగండి. అలాగే ఫీజు బాకీ, స్కాలర్‌షిప్, హాల్ టికెట్ అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే, పాఠశాల పేరూ లోగో ఉన్నా తెరవొద్దు. అది ఫోన్‌లోకి దిగితే మీ మెసేజ్‌లన్నీ అవతలివాడు చదువుతాడు. పెళ్లి శుభలేఖ రూపంలో, ట్రాఫిక్ చలానా రూపంలో వచ్చేవీ ఇవే.

రెండోది మరీ ప్రమాదం. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలను 'మీ బ్యాంకు ఖాతా నెలరోజులు వాడుకుంటాం, పది వేలు ఇస్తాం' అని ఊరిస్తున్నారు. పైన చెప్పిన అద్దె ఖాతాలు ఇవే. దొంగసొమ్ము ఆ ఖాతాలో పడ్డాక పోలీసులు ముందు వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికే. పాకెట్ మనీ కోసం ఒప్పుకున్న పిల్లలు కేసుల్లో ఇరుక్కుంటున్నారు. మీ పెద్దపిల్లలను కూర్చోబెట్టి ఈ ఒక్క సంగతి తప్పక మాట్లాడండి.

పిల్లలకు డబ్బు వాడడం నేర్పాలంటే మన క్రెడిట్ కార్డు ఇవ్వాల్సిన పని లేదు. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరుతో సేవింగ్స్ ఖాతా తెరిచి సొంతంగా నడుపుకోవచ్చని, పరిమితులు బ్యాంకులే పెట్టుకోవచ్చని ఆర్‌బీఐ 2025 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ ఖాతాలో అప్పు ఉండదు. అందులో ఐదు వందలు ఉంటే పోయేది ఐదు వందలే. అలాంటి నష్టం ఒకసారి జరిగినా నాకు పెద్ద బాధ అనిపించదు. ట్యూషన్ ఫీజుకంటే తక్కువే.

ఇంటి ఒప్పందం

ఆ తండ్రి ఇప్పుడు ఇంట్లో ఒక ఒప్పందం పెట్టారు. డబ్బు పోయిందని ఎవరు చెప్పినా మొదటి గంట ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు. పిల్లవాడైనా, అమ్మైనా, తాతయ్యైనా సరే. 'ఎందుకు నొక్కావ్', 'నీకు బుద్ధుందా' లాంటివన్నీ రెండో గంటకు వాయిదా. మొదటి గంటలో కార్డు బ్లాక్, 1930, అంతే. ఈ ఒప్పందం పెద్దవాళ్లకూ అవసరమే. లక్షలు పోగొట్టుకుని భార్యకో భర్తకో చెప్పలేక నెలల తరబడి లోపలే దాచుకున్నవాళ్లు కూడా మనలో ఉన్నారు. మోసపోవడం తెలివితక్కువతనం అనుకుంటాం. డాక్టర్లూ బ్యాంకు ఉద్యోగులూ కూడా మోసపోతున్నారు.

మా ఇంట్లో కూడా పోయిన ఆదివారం ఇది పెట్టాం. మొదటి పరీక్ష నాకే వచ్చింది. మా అమ్మాయి స్కూటీ డిక్కీలో పర్సు పెట్టి తాళం దానికే వదిలేసి వచ్చింది. నోటి దాకా వచ్చిన మాట ఆపుకోవడం అంత తేలిక కాదు, ముందే చెబుతున్నాను.

ఈ ఆదివారం మీ పిల్లలతో ఒక చీటీ రాయించి ఫ్రిజ్ మీద అంటించండి. దాని మీద 1930, మీ ప్రతి బ్యాంకు కార్డు వెనకున్న నంబరు, సిమ్ కంపెనీ నంబరు, ఇంట్లో ప్రతి ఫోన్ ఐఎంఈఐ, క్యాంపస్ ఆఫీసు నంబరు ఉండాలి. కార్డు నంబర్లూ పిన్‌లూ మాత్రం రాయొద్దు. రాశాక కార్డు వెనకున్న నంబరుకు పిల్లల చేతే ఒకసారి ఫోన్ చేయించండి. కార్డు బ్లాక్ చేయడానికి ఏ భాషకు ఏ అంకె, తర్వాత ఏ అంకె నొక్కాలో విని ఆ నంబరు పక్కనే రాయమనండి.